నూరేళ్లు నిండేదాకా ఆగాలా?

న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయానికి ఇంకా ఐడిల్‌వైల్డ్ అనే పేరున్న రోజుల్లో, రెండేళ్ల తేడాతో అక్కడ రెండు టెర్మినళ్లు లేచాయి. 1960లో పాన్ యామ్ విమాన సంస్థ కట్టుకున్నది ఒకటి. దాని విశాలమైన గుండ్రటి పైకప్పు గోడలు దాటి బయటికి చొచ్చుకొచ్చి, విమానాల ముక్కుల మీదికి గొడుగులా ఉండేది. వాన పడుతున్నా ప్రయాణికుడు తడవకుండా విమానం ఎక్కేవాడు. రెండోది 1962లో టీడబ్ల్యూఏ విమాన సంస్థ కోసం ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ గీసిన కాంక్రీటు రెక్కల భవనం. ప్రారంభోత్సవం చూడకుండానే, అంతకుముందు ఏడాదే ఆయన కన్నుమూశాడు.

ఇప్పుడు మొదటిది లేదు. రెండోది హోటలైంది. ఏది గొప్ప కట్టడమో తేలి ఇలా జరిగిందనుకుంటే పొరపాటే.

పాన్ యామ్ భవనం కాలంతో పాటు మారింది. జంబో జెట్లు వస్తే 1971లో దాన్ని పెంచారు. 1991లో పాన్ యామ్ మూతపడ్డాక డెల్టా చేతికి వచ్చి, 2013 దాకా పనిచేస్తూనే ఉంది. ఇన్నిసార్లు అతుకులు వేసేసరికి అసలు ఆకారం మరుగున పడింది. ఆ ఏడాది విమానాలు ఆగగానే కూల్చివేత మొదలైంది. ఆ స్థలంలో కట్టిందేమీ లేదు, విమానాలు నిలుపుకోవడానికి చదును చేశారంతే. అదే విమానాశ్రయంలో ఐ.ఎం. పేయ్ గీసిన సన్‌డ్రోమ్ టెర్మినల్ 2011లోనే నేలమట్టమైంది.

సారినెన్ భవనం మారడానికి లొంగలేదు. జంబోలు వచ్చేనాటికే ఇరుకైపోయింది. ఆ తర్వాత సెక్యూరిటీ తనిఖీలు, పెరిగిన సామాను, క్యూలు. వీటిలో దేనికీ అందులో చోటు లేదు. 2001లో తలుపులు మూశారు. పనికొచ్చిన భవనం పోయి, పనికిరాకుండా పోయిన భవనం మిగిలిందన్నమాట. ఎందుకంటే 1994లోనే నగర వారసత్వ కట్టడాల సంఘం దానికి రక్షణ ప్రకటించింది. అప్పటికి దాని వయసు 32 ఏళ్లు. న్యూయార్క్ చట్టానికి 30 ఏళ్లు నిండితే చాలు. ఆ కాగితం ఉండబట్టే 2008లో జెట్‌బ్లూ విమాన సంస్థ తన కొత్త టెర్మినల్‌ను పాత భవనం వెనకగా వంపు తిప్పి కట్టుకోవాల్సి వచ్చింది. 2019లో అటూ ఇటూ 512 గదులు లేచి హోటల్ తెరుచుకునేదాకా పాత హాలు దాదాపు 18 ఏళ్లు ఖాళీగా పడి ఉంది. ఖాళీగా ఉన్నా నిలబడే ఉంది.

మన దగ్గర 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం ప్రకారం రక్షిత కట్టడం కావాలంటే కనీసం నూరేళ్లు నిండాలి. గుడికి, కోటకు ఆ లెక్క సరిపోతుందేమో. విమానాశ్రయానికి సరిపోదు. ఇక్కడ భవనం ఎంత పాతదన్నది కాదు, విమానం ఎంత మారిందన్నదే ముఖ్యం. చిన్న డకోటా విమానం కోసం కట్టింది బోయింగ్‌కు చాలదు, బోయింగ్ కోసం కట్టింది జంబోకు చాలదు. ఇరవై ముప్పై ఏళ్లకే టెర్మినల్‌కు ముసలితనం వస్తుంది. పైగా అది నిలబడ్డ నేల రన్‌వే పక్కది. ఆ నేలకు ఎప్పుడూ గిరాకీయే. నిజాం కాలంలో 1937లో కట్టిన బేగంపేట మొదటి టెర్మినల్‌కు నూరేళ్లు నిండేది 2037లో. ఆ తర్వాత 1972లో వచ్చిన టెర్మినల్‌కైతే 2072లో. అందాకా ఈ నేల జోలికి ఎవరూ రారని నమ్మేవాళ్లు ఉంటే వాళ్లకో దండం.

బేగంపేట చరిత్ర చిన్నదేమీ కాదు. ఒక సంస్థానానికి సొంత విమాన సంస్థ ఉండటమే వింత. 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు నడిపి, 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తర్వాతి కథ మనందరిదీ. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే వలస కూలీలూ, అమెరికా చదువులకు బయల్దేరిన పిల్లల వెంట జీపుల్లో దిగిన బలగాలూ అక్కడే చేతులూపారు. రాజులెవరూ కట్టనంత మాత్రాన 1972 భవనం చరిత్ర కాకుండా పోతుందా?

2008 మార్చి 22 అర్ధరాత్రితో అక్కడ ప్రయాణికుల విమానాలు ఆగాయి. 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం ఉండకూడదన్న శంషాబాద్ ఒప్పందంలోని షరతు బేగంపేటను మూయించింది. మరి అప్పట్లో మనం దేని గురించి కొట్లాడుకున్నాం? కొత్త విమానాశ్రయం పేరు గురించి. ఎన్టీఆర్ పేరా, రాజీవ్ పేరా అని. పాత భవనం ఏమవుతుందన్న ప్రశ్న ఆ రగడలో ఎక్కడా బలంగా వినిపించలేదు.

అదే ఏడాది అక్టోబర్ 30న బెర్లిన్‌లో టెంపుల్‌హాఫ్ విమానాశ్రయం కూడా మూతపడింది. దాని ఇప్పటి భవనం హిట్లర్ కాలం నాటిది. కానీ 1948-49లో సోవియట్ దిగ్బంధంలో చిక్కిన పశ్చిమ బెర్లిన్‌కు తిండీ బొగ్గూ దిగిన ముఖ్యమైన చోట్లలో అదొకటి. మూసిన రెండేళ్లకు, 2010లో, మైదానం గేట్లు జనానికి తెరిచారు. రన్‌వే మీద సైకిళ్లు తొక్కారు, గాలిపటాలు ఎగరేశారు. నాలుగేళ్ల తర్వాత అంచుల్లో ఇళ్లు కడతామని నగర ప్రభుత్వం అంటే, 2014 మేలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 64 శాతం వద్దన్నారు. అయితే విమానాలు ఎగురుతుండగానే, 2008 ఏప్రిల్‌లో, మూయవద్దంటూ పెట్టిన ఓటింగు సరిపడా ఓట్లు పడక వీగిపోయింది. విమానాశ్రయం కోసం గెలవని పోరాటం, జనం లోపల తిరిగాక మైదానం కోసం గెలిచింది. అక్కడా అంతా సవ్యంగా లేదు, కిలోమీటరుకు పైగా పొడవున్న ఆ భవనం మరమ్మతులు తలకు మించిన భారమే. కానీ పడగొడదామంటే మాత్రం ఊరు ఊరంతా అడ్డం పడుతుంది.

బేగంపేటకు లేనిది ఇదే. ఈరోజు పాతికేళ్ల హైదరాబాదీకి ఆ గేటు లోపల ఏముందో తెలియదు. ప్రముఖుల ప్రత్యేక విమానాలు దిగినప్పుడు ట్రాఫిక్ ఆపుతారని మాత్రం తెలుసు. చూడని భవనం కోసం ఎవరు కోర్టుకెక్కుతారు? హైదరాబాద్‌లోని పాత ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసిందంటే, అంతకుముందు పట్టుబట్టి పిటిషన్లు వేసిన మనుషులున్నారు కాబట్టి.

అది వైమానిక దళ స్థావరం, భద్రత సంగతేమిటి అంటారు. న్యాయమైన మాటే. కానీ రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శన అక్కడే జరుగుతుంది, వేలమంది వచ్చి చూసి వెళ్తారు. ఆ నాలుగు రోజులు సాధ్యమైనది, నెలకో ఆదివారం ముందుగా పేర్లు నమోదు చేసుకున్న యాభై మందికి ఎందుకు సాధ్యం కాదు? మ్యూజియం కట్టమనడం లేదు. మ్యూజియం అంటే కమిటీ, కమిటీ అంటే పదేళ్లు. ముందు తలుపు తీయండి.

రెండో పని కాగితం మీదిది. పౌర విమానాల టెర్మినల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, స్థావరం వైమానిక దళానిది, వారసత్వ కట్టడాల చట్టం 2017లో తెచ్చుకున్నది రాష్ట్రం. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే ఏ జాబితా తయారు కాదు. చొరవ రాష్ట్రానిదే కావాలి. రెండు టెర్మినళ్లనూ జాబితాలో చేర్చాలని ఢిల్లీకి రాసే ఉత్తరానికి ఖర్చేమీ కాదు.

వరంగల్ మామునూరు సంగతి ఇంకా తొందరది. నిజాం కాలం నాటి ఆ విమానాశ్రయం 1981లో మూతపడింది. 150 కిలోమీటర్ల షరతును శంషాబాద్ నిర్వాహకులు సడలించాక, 2025లో కేంద్రం పచ్చజెండా ఊపింది. కొత్త విమానాశ్రయం రావాల్సిందే, ఓరుగల్లుకు అది ఎప్పుడో దక్కాల్సింది. అయితే పాత రన్‌వే హద్దులు, ఆ కాలం నాటి ఆనవాళ్లు ఏవి మిగిలి ఉంటే అవి కొలిచి, ఫొటోలు తీసి, పటాలు గీసి ఇవ్వడం కూడా కాంట్రాక్టు షరతుల్లో ఒకటిగా ఉండాలి. పని మొదలయ్యాక అడిగితే దాన్ని అదనపు ఖర్చు కింద లెక్కేసి పక్కన పెడతారు.