డిసెంబరులో జీడిపిక్కలు రావు

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో కంప్యూటర్ నేర్పే చోట్లకు కొదవ లేదు. ఇంటర్ పరీక్షలు అయిపోగానే పిల్లలు వెళ్లి చేరతారు. మూడు నెలలు తిరుగుతారు, చివర్లో ఒక ధ్రువపత్రం తెచ్చుకుంటారు. అందులో ఎక్సెల్, అంటే లెక్కల పట్టికలు వేసే స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్, వచ్చు అని రాసి ఉంటుంది. అదే పిల్లకు ఒక కొట్టు కొనుగోళ్ల పుస్తకం చేతికిచ్చి, ఏ ఊరి నుంచి ఎంత సరుకు వచ్చిందో తేల్చి చెప్పమని అడగండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చుండిపోతుంది. ఆ పిల్లను నేను తప్పు పట్టను. నేనూ అలా నేర్చుకున్నదాన్నే. అందుకే నాకు ఇంత కోపం.

నాకు ఆ మూడు నెలల్లో ఏం నేర్పారో చెబుతాను. గడులకు రంగులు వేయడం, చుట్టూ గీతలు గీయడం, నాలుగు గడులను ఒకటిగా కలిపి నడుమ శీర్షిక రాయడం, ఏ బొత్తాం ఎక్కడుందో ఇంగ్లిషులో బట్టీ పట్టడం. సూత్రాలన్నీ ఆఖరి వారంలో వచ్చాయి. ఒక పేరును పట్టికలో వెతికి దాని పక్కనున్న వివరం తెచ్చే వీ-లుకప్ సూత్రంలో నాలుగో చోట సున్నా ఎందుకు రాయాలని అడిగితే, అలా రాయాలంతే అన్నారు. అక్కడ ఏమీ రాయకపోతే అది సరిగ్గా సరిపోయే పేరును కాకుండా దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకొస్తుందని, పట్టిక క్రమంలో లేకపోతే పూర్తిగా తప్పు జవాబు ఇస్తుందని నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. ఆ రెండేళ్లలో ఎన్ని తప్పు జవాబులను నమ్మానో లెక్క లేదు.

మాది జీడిపిక్కల వ్యాపారం. మార్చి నుంచి మే దాకా మహేంద్రగిరి వైపు కొండ ఊళ్ల నుంచి సవర గిరిజనులు, చుట్టుపక్కల నుంచి రైతులు పిక్కలు తెస్తారు. మేము కొని పలాసకు పంపుతాం. బస్తా అంటే 80 కిలోలు. నాన్న ముప్పై ఏళ్లుగా చేత్తోనే లెక్కలు రాస్తున్నారు. 2023 వేసవిలో, ఆ ఏటి లెక్కంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తానని నేను పూనుకున్నాను. పది రోజులు కూర్చుని ఎక్కించాను. నెలనెలా ఎంత కొన్నామో కూడించి, అచ్చు తీసి నాన్న చేతిలో పెట్టాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కసారి పైనుంచి కిందికి చూసి, "డిసెంబరులో మనకు పిక్కలు ఎవరు తెచ్చారమ్మా?" అన్నారు.

జరిగింది ఇది. మనం తేదీని రోజు, నెల, సంవత్సరం అనే వరుసలో రాస్తాం. నా కంప్యూటర్లో అమెరికా పద్ధతి పెట్టి ఉంది, వాళ్లకు నెల ముందు. నేను 1/4 అని కొడితే అది జనవరి 4 అనుకుంది. 2/4 ఫిబ్రవరికి వెళ్లింది. 12/4 డిసెంబరుకు చేరింది. 4/4 ఒక్కటే ఎటు చదివినా ఒకటి కాబట్టి బతికిపోయింది. మరి 13/4 నుంచి? పదమూడో నెల లేదు కాబట్టి వాటిని అసలు తేదీలుగానే తీసుకోలేదు. మాటలుగా లెక్కించి గడిలో ఎడమ పక్కకు జరిపి వదిలేసింది. అవి ఏ నెల మొత్తంలోనూ చేరలేదు. 1936లో ఒడిశా ప్రత్యేకంగా ఏర్పడి, మా పర్లాకిమిడి అందులో చేరిన రోజు ఏప్రిల్ 1. ఇక్కడ ఏ పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు. ఆ తేదీని కూడా నా పట్టిక జనవరిలో పెట్టింది. ఎక్కడా ఎర్ర గుర్తు రాలేదు, హెచ్చరిక రాలేదు.

నాన్నకు మౌస్ పట్టుకోవడం రాదు. నా దగ్గర ధ్రువపత్రం ఉంది. తప్పు పట్టింది ఆయన. ఎందుకంటే పిక్కలు ఎప్పుడు వస్తాయో, ఏ ఊరు ఎంత ఇవ్వగలదో ఆయనకు తెలుసు. అంకెను చూడగానే అది తనకు తెలిసిన లోకంతో పొసగుతుందా లేదా అని ఆయన మనసు తూకం వేస్తుంది. డేటా విశ్లేషణ అని పెద్ద పేరు పెట్టి చెప్పే చదువుకు పునాది అదే. నా మూడు నెలల తరగతిలో దాని గురించి ఒక్క మాట లేదు.

ఇది ఊరి వ్యాపారాలకే వచ్చే చిక్కు అనుకోకండి. మనిషి జన్యువులలో కొన్నిటికి మార్చ్1, సెప్ట్1 వంటి పొట్టి పేర్లు ఉండేవి. శాస్త్రవేత్తలు వాటిని ఎక్సెల్‌లో రాస్తే అది మార్చి 1, సెప్టెంబరు 1 అని తేదీలు చేసేసేది. ఆ తప్పులు అచ్చయిన పరిశోధనల్లోకి కూడా వెళ్లాయి. చివరికి జన్యువుల పేర్లు నిర్ణయించే సంఘం 2020లో తలవంచి ఆ పేర్లనే మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని మార్చింది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో 15,841 కొవిడ్ కేసులు రోజువారీ లెక్కలో చేరకుండా పోయినట్టు బయటపడింది. ఎక్సెల్ పాత రకం ఫైలు ఎక్స్ఎల్ఎస్‌లో 65,536 అడ్డు వరుసలే పడతాయి. ఇప్పటి ఫైలులో 10,48,576 పడతాయి. వాళ్లు పాతది వాడారు, నిండిపోయాక వచ్చినవి జారిపోయాయి. ఆ మనుషులను కలిసినవాళ్లకు కబురు చేయడం రోజుల తరబడి ఆలస్యమైంది.

మళ్లీ మా కొట్టుకు వస్తాను. తేదీలు సరిచేస్తున్న రోజుల్లోనే నాకు అసలు సంగతి అర్థమైంది. నాన్న దగ్గర రెండు పుస్తకాలుంటాయి. ఒకటి చిట్టా. సరుకు వచ్చినప్పుడల్లా తేదీ, మనిషి, ఊరు, బరువు, ధర, ఇచ్చిన డబ్బు ఒకే వరుసలో రాస్తారు. రెండోది ఆవర్జా. చిట్టాలోంచి ఏరి, ఏ మనిషి లెక్క ఆ మనిషి పేరు కింద చేరుస్తారు. చిట్టాలో ఏమీ కూడరు, విడదీయరు. జరిగింది జరిగినట్టు రాస్తారు. ఆవర్జాలో కొత్త సంగతి ఏదీ రాయరు, చిట్టాలో ఉన్నదే మరో వరుసలో పేరుస్తారు. స్ప్రెడ్‌షీట్‌లో పివట్ టేబుల్ అని అందరూ భయపడేది ఈ ఆవర్జానే. నాన్న నెల రోజులు రాసే ఆవర్జాను అది రెప్పపాటులో రాస్తుంది. ఊరి వారీగా కావాలంటే ఊరి వారీగా, వారం వారీగా కావాలంటే వారం వారీగా. కానీ దానికి శుభ్రమైన చిట్టా కావాలి. నేను చిట్టా, ఆవర్జా కలిపి ఒకే షీటులో రాసి, గడులు కలిపి, రంగులు వేసి, దాన్ని డేటా అనుకున్నాను.

అసలు స్ప్రెడ్‌షీట్ అనే మాటే కంప్యూటర్ల కంటే పాతది. లెక్కలు రాసేవాళ్లు పరుచుకునే వెడల్పాటి కాగితం పేరు అది. 1978లో హార్వర్డ్‌లో చదువుకుంటున్న డాన్ బ్రిక్లిన్‌కు, నల్లబల్ల మీద పట్టికలో ఒక్క అంకె మారితే దానికి తగులుకున్నవన్నీ చెరిపి మళ్లీ రాయాల్సి రావడం చూశాక ఈ ఆలోచన పుట్టింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి చేసిన విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం 1979లో వచ్చింది. లెక్కల పుస్తకంలోంచి పుట్టినదాన్ని లెక్కల పుస్తకం ఊసు లేకుండా నేర్పుతున్నారు. నాకు మింగుడుపడనిది ఇదే.

చిట్టా అలవాట్లన్నీ అలాగే పనికొస్తాయని మాత్రం అనను. కొన్ని వదులుకోవాలి. నాన్న ఒకే మనిషి మూడు సార్లు తెస్తే మొదటి వరుసలో పేరు రాసి, కింద డిటో గుర్తు పెడతారు. మనిషి కన్ను అర్థం చేసుకుంటుంది, కంప్యూటర్‌కు ఆ వరుస అనాథ. ప్రతి వరుసలోనూ పేరు మళ్లీ రాయాల్సిందే. పుట చివర మొత్తం వేసి తర్వాతి పుటకు తీసుకెళ్లడం మరో అలవాటు. నేను ఆ మొత్తాలను కూడా వరుసలుగా ఎక్కించాను, కూడిక సూత్రం సమ్ వాటినీ కూడేసింది, కొన్నదానికి రెట్టింపు పైన చూపించింది. ఇక '12 బస్తాలు' అని గడిలో రాస్తే అది అంకె కాదు, మాట. సమ్ దాన్ని దాటేసి వెళ్లిపోతుంది. బస్తాలు అన్న మాట పైన శీర్షికలో ఉండాలి, గడిలో 12 మాత్రమే.

పేర్ల సంగతి మా సరిహద్దు ఊళ్లకే ప్రత్యేకం. తెలుగులో మేము ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియావాళ్లు చివర రాస్తారు. అదే సవర రైతు ఒక కాగితంలో సవర అని ముందు, మరో కాగితంలో సబర్ అని వెనక ఉంటాడు. ఊరి పేర్లు కూడా అంతే. మేము పర్లాకిమిడి అంటాం, ప్రభుత్వ కాగితాల్లో పారళాఖెముండి. మేము బరంపురం అంటే బోర్డు మీద బ్రహ్మపుర్. మనకు ఒకటే ఊరు, కంప్యూటర్‌కు రెండు. మొదటిసారి పట్టిక వేసినప్పుడు ఒక్కో మనిషి ఇద్దరు ముగ్గురుగా విడిపోయి కనిపించాడు. ఇప్పుడు సరుకు తెచ్చే ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చాను, ఊళ్లకు కూడా ఇచ్చాను. పేర్లు వేరే షీటులో ఒక్కసారే రాసి ఉంటాయి. హైదరాబాదులోనో భువనేశ్వర్‌లోనో కూర్చుని పాఠాలు తయారుచేసేవాళ్లకు ఈ చిక్కు తోచదు. గంజాం నుంచి కొరాపుట్ దాకా రెండు లిపుల మధ్య బతికే ప్రతి కొట్టులో, ప్రతి మహిళా సంఘంలో ఇది ఉంటుంది.

బ్యాంకు ఖాతా సంఖ్యలను అంకెలుగా కొట్టకండి. ముందున్న సున్నాలు రాలిపోతాయి. పదిహేను అంకెలు దాటితే ఆ తర్వాతివి సున్నాలైపోతాయి. నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చి అప్పుడు కొట్టాలి. ఒక కొండ ఊరి మనిషికి రావాల్సిన డబ్బు నా పొరపాటు వల్ల తొమ్మిది రోజులు ఆగింది. ఆయన రెండుసార్లు బస్సు ఎక్కి వచ్చి, కొట్టు ముందు నిలబడి, గట్టిగా ఒక మాటైనా అనకుండా తిరిగి వెళ్లాడు. అది నేను మరిచిపోలేను.

ఇప్పుడన్నీ ఫోనే చేసి పెడుతుంది, ఇవి నేర్చుకోవడం దేనికి అని మా తమ్ముడి స్నేహితులు అంటారు. చేసి పెడుతుంది. నాకూ డిసెంబరు లెక్క చేసే పెట్టింది.

నేర్పేవాళ్లను నేను అడిగేది పెద్ద కోరిక కాదు. మొదటి వారం కంప్యూటర్ తెరవకండి. పిల్లలను ఇంటి నుంచి ఒక లెక్క తెమ్మనండి. పాల లెక్క, సంఘం పొదుపు లెక్క, పత్తి తూకాలు, ఏదైనా సరే. ఒక వరుసకు ఒక సంఘటన, ఒక గడికి ఒక సంగతి అని కాగితం మీద రాయించండి. తెలుగులో చెప్పండి, ఒడియాలో చెప్పండి. సూత్రం పేరు ఇంగ్లిషులో ఉంటే ఉండనీ, దాని అర్థం మన భాషలో ఉండాలి. పరీక్ష పెడితే తప్పులతో నిండిన పట్టిక ఇచ్చి తప్పులు వెతకమనండి, రంగులకు మార్కులు వేయకండి. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేనివాళ్లకు ఇలాంటి పట్టికలే వేసే లిబ్రె ఆఫీస్ ఉచితంగా దొరుకుతుందని చెప్పండి. నేను చేరినచోట ఆ మాట కూడా చెప్పలేదు.

మా వీధి పిల్లలు నలుగురికి సాయంత్రాలు మా కొట్టు అరుగు మీద నేనే చెబుతున్నాను. నాన్న పాత చిట్టాలే పాఠ్యపుస్తకాలు. మొన్న పదో తరగతి పిల్ల ఊరి వారీ పట్టిక వేసి, చాలాసేపు చూసి, "అక్కా, ఈ ఊరి నుంచి ఏటా మే నెలలో సరుకు వస్తోంది. ఈ ఒక్క ఏడు ఒక్క బస్తా కూడా రాలేదేం?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. లోపలికి వెళ్లి ఆ ఏటి చిట్టా తెచ్చి దీపం కింద పెట్టి తిప్పాం. మే నెల మధ్యలో రెండు పుటలు తడిసి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆ పిల్ల గోటితో మెల్లగా విడదీసింది.