పంచిన బల్బులు సరే, తగ్గిన యూనిట్లు చూపించండి

కరెంటు పొదుపు మీద ఏ ప్రభుత్వ ప్రకటన చదివినా నాకు ఒకటే చిరాకు. ఎన్ని పంచారో చెప్తారు. ఎంత తగ్గిందో మాత్రం ఎవరూ కొలవరు.

ఉజాలా పథకమే చూడండి. 2015 జనవరిలో మొదలైంది. దేశమంతా సుమారు 36.8 కోట్ల ఎల్‌ఈడీ బల్బులు పంచారు, ఏటా దాదాపు 4,780 కోట్ల యూనిట్లు ఆదా అంటున్నారు. ఫోన్ తీసి భాగించండి, బల్బుకు ఏడాదికి సుమారు 130 యూనిట్లు వస్తుంది. అంత మిగలాలంటే 60 వాట్ల పాత బల్బు తీసేసి 9 వాట్లది పెట్టి, రోజుకు ఏడు గంటల చొప్పున ఏడాది పొడుగునా వెలిగించాలి. మా కూకట్‌పల్లి ఇంట్లో ఎల్‌ఈడీ పెట్టింది 14 వాట్ల సీఎఫ్‌ఎల్ తీసిన హోల్డర్లో. అక్కడ తగ్గింది 5 వాట్లే. బాల్కనీలో పెట్టినదైతే చుట్టాలొస్తేనే వెలుగుతుంది. పథకం దండగ అనడం లేదు. ఎల్‌ఈడీ ధర బాగా దిగిందంటే ఈ పథకం కోసం చేసిన టోకు కొనుగోళ్ల పుణ్యం చాలానే ఉంది. కానీ అంచనా వేసి, అది కొలత అన్నట్టు చెప్తే ఎలా?

ఏసీ మీద స్టార్ల స్టిక్కర్ కూడా ఇలాంటిదే. ఏడాదికి ఇన్ని యూనిట్లు అని దాని మీద రాసేది 1,600 గంటల వాడకానికి. హైదరాబాద్ మే నెలలో ఆ గంటల లెక్క ఎవరు చూస్తారు? పైగా ఫైవ్ స్టార్ కొన్నాక చాలా ఇళ్లలో జరిగేది ఒకటే: ‘బిల్లు తక్కువేలే’ అని రాత్రంతా వేసుంచడం. ఆ పెరిగిన వాడకం ఏ ఆదా లెక్కలోంచీ తీసెయ్యరు.

ఫ్యాక్టరీల విషయంలో కాస్త నయం. పెద్ద ఫ్యాక్టరీలకు ఇంధన పొదుపు లక్ష్యాలు పెట్టే ‘పాట్’ పథకం 2012లో మొదలైంది. అందులో టన్ను ఉత్పత్తికి ఎంత ఇంధనం పడుతోందో గుర్తింపు ఉన్న ఆడిటర్ వచ్చి తనిఖీ చేస్తాడు. ఆ పద్ధతి ఇళ్ల దాకా ఎందుకు రాదు?

వ్యవసాయం సంగతి ఇంకో కథ. మన తెలంగాణలో పంపుసెట్లకు మీటర్లే లేవు, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర శాంపిల్ మీటర్లు పెట్టి మొత్తం వాడకాన్ని లెక్కగడతారు. పంపిన కరెంటులో వాడకం కింద లెక్కకు రానిది లైన్ నష్టం కిందికి పోతుంది కాబట్టి, ఆ అంకె పెంచితే లైన్ నష్టాలు తగ్గినట్టు కనిపిస్తాయి, తగ్గిస్తే పెరిగినట్టు. రేపు పొదుపు పంపులు పెట్టి ‘ఇంత ఆదా’ అన్నా, దేంతో పోల్చి చెప్తారు?

కొలవాలంటే ఖర్చు అంటారు. ఇళ్లకు ఆ సాకు నడవదు. ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో జీరో బిల్లు వచ్చే ఇంటికి కూడా నెలనెలా రీడింగ్ తీస్తున్నారు కదా. ఉప్పల్లో కొన్ని, మణికొండలో కొన్ని, పాతబస్తీలో కొన్ని సర్వీస్ నంబర్లు తీసుకోండి. పేర్లు తీసేయండి. పాత ఫ్యాన్ తీసి తక్కువ కరెంటు తినే ఫ్యాన్ పెట్టిన ఇళ్లవి ఒక పక్క, మార్చనివి ఇంకో పక్క పెట్టి, రెండు వేసవుల రీడింగులు పోల్చండి. తేడా రాకపోతే రాలేదనే ప్రకటించండి.