బొమ్మల కొలువు ఎత్తేశారు

తప్పు నాదే. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

వారం రోజులుగా తెర కుడి మూలలోంచి ఒక చీటీ జారుకుంటూ వచ్చి, "కొత్త అప్‌డేట్ ఉంది, వేసుకుంటారా?" అని అడుగుతూనే ఉంది. నేనూ పాలబిల్లు కోసం వచ్చినవాణ్ణి పంపినట్టు "రేపు రావయ్యా" అని పంపేస్తూనే ఉన్నాను. దసరా అయిన తరవాతి శనివారం, రాత్రి పదకొండింటికి, నిద్రమత్తులో "ఈ రాత్రికి" అన్నదాని మీద నొక్కేశాను. ఏమేం మారుతాయో కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. చదవలేదు. చీరల కొట్టు బిల్లు వెనక రాసింది మాత్రం ఎవరు చదువుతున్నారు?

ఆ మ్యాక్‌బుక్ పేరుకి నాది. వారంలో ఆరు రోజులు దానిమీద అనువాదాలు చేసుకుంటాను. ఆదివారం పొద్దున ఏడున్నరకి మాత్రం అది మా అత్తయ్యది. డల్లాస్‌లో అప్పుడు శనివారం రాత్రి తొమ్మిది. మా ఆడపడుచు పిల్లల్ని పడుకోబెట్టి వాళ్ళమ్మతో మాట్లాడే వేళ. ఫోన్లో మనిషి అగ్గిపుల్లంత కనిపిస్తుందని అత్తయ్య ఫోన్ ఒప్పుకోదు. అమ్మాయి మొహం పళ్ళెమంత కనపడాలి.

అత్తయ్యకి కంప్యూటర్ నేర్పింది నేనే. అది గొప్పగా చెప్పుకునేదాన్ని, నిన్నమొన్నటిదాకా. మ్యాక్‌లో లాంచ్‌ప్యాడ్ అని ఒకటి ఉండేది. 2011 జూలైలో లయన్ అనే వెర్షన్‌తో వచ్చింది. తెరంతా ఫోన్లోలాగా బొమ్మలు పరుచుకుంటాయి, అడ్డంగా ఏడు, నిలువుగా ఐదు, పేజీకి ముప్ఫైఐదు. ఏ బొమ్మని ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. రెండింటిని ఒకదానిమీద ఒకటి పెడితే డబ్బీ అవుతుంది, దానికి మనకిష్టమైన పేరు పెట్టుకోవచ్చు. మొదటి పేజీలో, మూడో వరస మొదట్లో "అత్తయ్య" అని తెలుగులో ఒక డబ్బీ చేసి ఇచ్చాను. అందులో నాలుగే బొమ్మలు. అమ్మాయితో మాట్లాడే ఫేస్‌టైమ్, చదరంగం, పాలలెక్కకి కాలిక్యులేటర్, ఫోటో బూత్. ఈ చివరిది ఫోటోలు తీసుకోవడానికని తయారుచేసినవాళ్ళు అనుకుంటారు. అత్తయ్య దాన్ని అద్దంగా వాడుతుంది. అమ్మాయి కంటపడే ముందు బొట్టు తిన్నగా ఉందో లేదో అందులో చూసుకుంటుంది.

ఆ బొమ్మల పేజీ తెరుచుకోవాలంటే టచ్‌ప్యాడ్ మీద బొటనవేలూ మూడు వేళ్ళూ దగ్గరికి లాగాలి. ఇది చెప్పడానికి మా ఆయన కాగితం మీద బాణాలు గీసి నాలుగు రోజులు అవస్థపడ్డాడు. నేను ఒక్క ముక్కలో చెప్పాను: "అన్నం ముద్ద తీసినట్టు తియ్యండి అత్తయ్యా." అంతే. ఆ రోజునుంచి ముద్ద తప్పలేదు.

ఆదివారం ఏడింటికి అత్తయ్య స్నానం చేసి, జరీ అంచు చీర కట్టుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుంది. ముద్ద తీసింది. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను.

"అమ్మాయ్, నా బొమ్మల కొలువు ఎవరో ఎత్తేశారే."

వెళ్ళి చూస్తే ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటోంది. తెరంతా అద్దాల మేడలా మెరుస్తోంది. కిటికీల అంచులు గాజులా ఉన్నాయి, వెనక ఉన్నది ముందుకి కనిపిస్తోంది. దానికి లిక్విడ్ గ్లాస్ అని పేరు పెట్టారని తరవాత తెలిసింది. అప్పటికి అత్తయ్య కళ్ళజోడు రెండుసార్లు, తెర ఒకసారి తుడిచింది.

కొలువు ఉండాల్సిన చోట చిన్న కిటికీ ఒకటి తెరుచుకుని ఉంది. అందులో ఇంట్లో ఉన్న యాప్‌లన్నీ అక్షరక్రమంలో నిలబడ్డాయి, రేషన్ షాపు ముందు జనంలా. పైన ఏవో కోవలు. ఏది ఏ కోవలోకి వెళ్ళాలో అదే నిర్ణయించేసింది. నేను పెట్టిన డబ్బీలు ఒక్కటీ లేవు. "అత్తయ్య" అన్న మాట ఎక్కడా లేదు.

"ఆకుపచ్చది నొక్కండి, కెమెరా బొమ్మ ఉంటుంది" అన్నాను గాభరాగా.

"ఆకుపచ్చవి నాలుగున్నాయే తల్లీ!"

నిజమే. ఫేస్‌టైమ్ ఆకుపచ్చ. మెసేజెస్ ఆకుపచ్చ. ఈసారి కొత్తగా ఫోన్ అని ఒకటి చేరింది, అదీ ఆకుపచ్చే. ఆవిడ నాలుగోదాన్ని నొక్కింది. అది నంబర్స్. గళ్ళ గళ్ళ లెక్కల కాగితం తెరుచుకుని కూర్చుంది. దాన్ని మూసే హడావిడిలో ఇంకోటి నొక్కితే ఆటోమేటర్ వచ్చింది. గొట్టం పట్టుకున్న రోబో బొమ్మ దానిది. "వీడెవడు మన ఇంట్లో?" అంది అత్తయ్య. పద్నాలుగేళ్ళుగా మ్యాక్ వాడుతున్నాను, నాకూ తెలీదు వాడెవడో.

మా ఆయన్ని లేపాను. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. పెళ్ళిచూపుల్లో ఆ మాట విని మా నాన్న ఎంతో సంబరపడ్డాడు, ఇంట్లో కంప్యూటర్ చెడితే చూసుకునేవాడు దొరికాడని. ఇన్నేళ్ళలో ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట "ఇది నా ఏరియా కాదు". సర్వర్లట. అవి ఎక్కడో ఉంటాయట. కళ్ళు నులుముకుంటూ వచ్చి, తెర చూసి, "ఓ, టాహో వేశావా?" అన్నాడు, కొత్త చీర కట్టుకున్నావా అన్నంత మామూలుగా.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. సెప్టెంబర్ 2025లో వచ్చిన ఈ టాహోలో లాంచ్‌ప్యాడ్ తీసేశారు. దాని బదులు వెతుకుడు పెట్టె స్పాట్‌లైట్‌లోనే యాప్స్ అని పెట్టారు. టాహో అంటే అమెరికాలో ఒక సరస్సు. వెర్షన్ నంబరు 26.

"ఇదివరకు ఎంత?" అని అడిగాను.

"15."

"మధ్యలో పదీ ఏమయ్యాయిరా?" అంది అత్తయ్య. "పంచాంగంలో ఒక తిథి లోపిస్తేనే పురోహితుడు వచ్చి చెప్పి వెళ్తాడు. పది ఒకేసారి లోపిస్తే చెప్పేవాళ్ళు లేరా?"

సంవత్సరాన్ని బట్టి పెట్టారని ఆయన చెప్పబోయాడు. ఇంకా 2025లోనే ఉన్నాం కదరా అందావిడ. ఆయన ఆ దారి వదిలేశాడు.

"చూడమ్మా, పేజీలు, డబ్బీలు ఇవన్నీ పాత పద్ధతి. ఇక్కడ పేరు కొట్టు, యాప్ అదే వస్తుంది. ఎఫ్, ఏ, సీ, ఈ..."

అత్తయ్య కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఒరేయ్, మీ నాన్నగారినే యాభై రెండేళ్ళలో ఒక్కనాడు పేరు పెట్టి పిలవలేదు. దీన్ని పిలుస్తానా?"

వరండాలో పేపరు చదువుతున్న మామయ్యగారు పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

నాకైతే ఆవిడ మాటలో న్యాయం కనిపించింది. నేను మాత్రం పేర్లతో బతుకుతున్నానా? పోపుల పెట్టెలో ఆవాల గిన్నె మీద ఆవాలని రాసి ఉంటుందా? కరెంటు పోయినా చెయ్యి దానంతటది ఆవాల మీదికే వెళ్తుంది. పెళ్ళికొచ్చిన చుట్టాలావిడ సాయం చేస్తున్నాననుకుని ఆ గిన్నెలన్నీ పరిమాణం ప్రకారం సర్దిపెట్టి వెళ్ళిందనుకోండి, నెల్లాళ్ళు పులుసులో మెంతులే. మా ఊళ్ళో ఇప్పటికీ ఇంటి నంబరు చెబితే ఎవరికీ తెలీదు. రామాలయం పక్క సందులో, బోరింగు ఎదురుగా అంటే ఇంటిదాకా వచ్చి దింపి వెళ్తారు. ఆ ఊరి మనిషిని కూర్చోబెట్టి, వీధులన్నీ తీసేశాం, మనిషి పేరు చెప్పండి, రప్పిస్తాం అంటే ఎలా?

"ఇంతకుముందూ ఇలాగే అయింది" అన్నాడు మా ఆయన ఓదార్పుగా. "2012లో విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేశారు. జనం గోల చేస్తే మరుసటి సంవత్సరం 8.1లో మళ్ళీ పెట్టారు. ఇదీ రావచ్చు."

"అప్పటిదాకా అమ్మాయితో మాట్లాడకుండా కూర్చోనా?"

టైమ్ ఏడు పది. ఆయనకి పౌరుషం వచ్చింది. ఫోన్లో ఏదో వెతికి, పాతది తిరిగి తెప్పించే కమాండ్ ఒకటి పట్టుకున్నాడు. "టెర్మినల్‌లో కొడితే వచ్చేస్తుందట" అన్నాడు.

"టెర్మినల్ అంటే శంషాబాద్‌లో అమ్మాయిని దింపి వస్తామే, అదా?" అంది అత్తయ్య. "అందులోకి పోయినవి అంత తొందరగా తిరిగి రావురా."

ఈ టెర్మినల్ కంప్యూటర్‌కి ఆజ్ఞలు రాసి ఇచ్చే కిటికీ. అది ముందు ఒక హెచ్చరిక ఇచ్చింది. సరిగ్గా వాడకపోతే ఫైళ్ళు పోవచ్చు, టైపు చేసింది ఇంకోసారి చూసుకో, అని. తరవాత పాస్‌వర్డ్ అడిగింది. ఆయన కొట్టాడు. ఏమీ పడలేదు. చుక్కలు కూడా పడలేదు. గీత ఒకటి అక్కడే నిలబడి ఉంది.

"కీబోర్డు పోయింది" అంది అత్తయ్య.

"పోలేదమ్మా, పాస్‌వర్డ్ కనపడకూడదు. లోపల పడుతూనే ఉంటుంది."

"ఓహో, మంత్రమా! పైకి అనకూడదు."

ఆ పోలిక ఆయన సర్వీసులో ఎవరూ చెప్పలేదనుకుంటాను, కాసేపు తల్లివంక అలాగే చూశాడు. తరవాత మళ్ళీ కొట్టాడు. సారీ, ట్రై అగైన్ అంది. ఇంకోసారి. సారీ. అప్పుడు నాకు గుర్తొచ్చింది, దసరాకి ముందు పాస్‌వర్డ్ మార్చానని. నాలుగోసారి మంత్రం ఫలించింది. లాప్‌టాప్ ఆపి మళ్ళీ ఆన్ చేశాం. అత్తయ్య రెండు చేతులూ జోడించి, ఆ తరవాత ముద్ద తీసింది.

అదే చిన్న కిటికీ. అదే రేషన్ క్యూ.

కమాండ్‌లో ఒక అక్షరం తప్పు కొట్టాడో, ఆ దారి మా వెర్షన్‌కి పనిచెయ్యదో, ఆయనకీ తెలియలేదు. లాంచ్‌ప్యాడ్ లాంటివే తయారుచేసి ఇస్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారట. కొన్ని డబ్బు కట్టమన్నాయి. కొన్ని ఊరికే ఇస్తామన్నాయి. ఊరికే వచ్చేదేదీ అత్తయ్య ఇంట్లోకి రానివ్వదు, ఒక్క కరివేపాకు తప్ప.

ఏడున్నర అయింది. లాప్‌టాప్ దానంతటదే మోగింది. తెర మూలన మా ఆడపడుచు. వచ్చే కాల్‌కి బొమ్మ వెతకక్కర్లేదన్న ముక్క, ఇంత చదువుకున్న మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అత్తయ్య బొట్టు చూసుకోకుండానే ఎత్తాల్సి వచ్చింది. అది మనసులో పెట్టుకుని, మొదటి ఇరవై నిమిషాలూ నా గురించే మాట్లాడింది. "మీ వదిన రాత్రికి రాత్రి ఏదో నొక్కిందే, నా సామానంతా పోయింది." అవతలినుంచి మా ఆడపడుచు "అయ్యో, వదినా, టైమ్ మెషీన్ బ్యాకప్ లేదా?" అని అడిగింది. మ్యాక్‌లో ఉన్నదానికంతా నకలు దాచిపెట్టేది అది. ఆ నకలు ఉండాల్సిన హార్డ్ డిస్కుని నిరుడు పిల్లాడి సినిమాల కోసం వాడేసుకున్నాం. నేను కాఫీ గ్లాసులు కడగడానికి లేచాను.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక తీరిగ్గా కూర్చున్నాను. డాక్యుమెంట్స్‌లో "అత్తయ్య" అని ఒక ఫోల్డర్ చేశాను. ఆప్షన్, కమాండ్ రెండు కీలూ కలిపి నొక్కి పట్టుకుని యాప్‌ని అందులోకి లాగితే అసలుది అక్కడే ఉంటుంది, ఇక్కడికి దాని గుర్తు మాత్రం వస్తుంది. నాలుగూ లాగాను. ఆ గుర్తులకి పేర్లు మార్చుకోవచ్చని అప్పుడే కనిపెట్టాను, నిజంగా ఒళ్ళు పులకరించింది. ముందు అంకె వేస్తే ఆ వరసలోనే నిలబడతాయి కూడా. 1 అమ్మాయి. 2 అద్దం. 3 చదరంగం. 4 పాలలెక్క. ఫోల్డర్ని తెర కింద డాక్‌లోకి లాగి, కుడి బటన్ నొక్కి గ్రిడ్ అని పెట్టాను. నొక్కగానే నాలుగు బొమ్మలూ గళ్ళలో పైకి లేచాయి. కొలువు తిరిగొచ్చింది. ముద్ద తియ్యక్కర్లేదు, ఒక్క వేలు చాలు.

సాయంత్రం అత్తయ్య వచ్చి చూసింది. అద్దం నొక్కి బొట్టు సరిచేసుకుంది. ప్రతి బొమ్మ మూలా ఉన్న బుల్లి బాణం ఏమిటని అడిగితే, అసలుది ఇంకోచోట ఉందని గుర్తండీ అన్నాను. ఉత్సవ విగ్రహాలన్నమాట అని సరిపెట్టుకుంది. మొహం విప్పారింది. నేను ఊపిరి పీల్చుకోబోతున్నాను.

"ఈ పక్కనున్నది ఏమిటి?"

"ఏదండీ?"

"నా పేరు పక్కన. ఈ బుట్ట."

డాక్‌లో ఫోల్డర్లు గీతకి కుడివైపే నిలుస్తాయి. ఆ కుడివైపు చివర్న ఎప్పుడూ చెత్తబుట్టే ఉంటుంది. దాన్ని జరపడానికి లేదు.

"నా పేరు తీసుకెళ్ళి చెత్తబుట్ట పక్కన పెట్టావా?"

ఇది కంప్యూటర్ తయారుచేసినవాళ్ళ పద్ధతని, ఇందులో నా ప్రమేయం ఏమీ లేదని ఎంత చెప్పినా వినలేదు. పొద్దున్న డల్లాస్‌కి ఎలాగూ వెళ్ళింది, ఇది కూడా వచ్చే ఆదివారం వెళ్తుంది. ఆవిడ సంధ్యా దీపం పెట్టడానికి లేవగానే, అర నిమిషంలో ఇంకో ఫోల్డర్ చేసి, మా ఆయన పేరు పెట్టి, ఆ రెండింటికీ మధ్యలోకి లాగాను.

ఇప్పుడు చెత్తబుట్ట పక్కన ఆయన, ఆయన పక్కన వాళ్ళమ్మ. అత్తయ్య తృప్తిగా ఉంది. ఆయన ఇంకా చూడలేదు. డాక్ ఆయన ఏరియా కాదు.