27 దగ్గర ఆగిపోయే లెక్క కాదది

పాపువా న్యూగినియాలోని ఒక్సాప్‌మిన్ తెగవాళ్లు ఒంటి భాగాలతో లెక్కపెట్టే పద్ధతి గురించి వచ్చిన వ్యాసం బాగుంది గానీ, ‘వాళ్లకి 27 దాటి లెక్క రాదు’ అన్న వాక్యం మాత్రం తప్పండి.

ఒక చేతి బొటనవేలు 1, చిటికెనవేలు 5. మణికట్టు 6, మోచెయ్యి 8, భుజం 10, చెవి 12, కన్ను 13, ముక్కు 14. అక్కణ్ణుంచి రెండో వైపు దిగాలి. అటువైపు అవయవాల పేర్లకి ముందు ‘తన్’ చేరుస్తారు. అందుకే కన్ను 13 అయితే ‘తన్’ కన్ను 15. మణికట్టు 22 అయ్యాక మళ్లీ బొటనవేలితో మొదలై చిటికెనవేలితో 27. ఇంకా లెక్కించాలంటే? ఆ రెండో మణికట్టుకే వచ్చి వెనక్కి ఎక్కుతారు, అంతే.

అసలు కథ డబ్బుతో మొదలైంది. ఆస్ట్రేలియా పాలనలో పౌనుకి 20 షిల్లింగులు కదా, దుకాణాల్లో కొందరు రెండో మోచెయ్యి (20) దగ్గరే ఆపి ఒక పౌను అనుకుని, మళ్లీ బొటనవేలి నుంచి మొదలుపెట్టేవారు. ఈ మార్పుని మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ సాక్స్ 1978 నుంచీ అక్కడికి వెళ్లి నమోదు చేశారు. వ్యాసంలో ఆ ఊసే లేదు!

మా నాయనమ్మ జపం లెక్క వేళ్ల గీతల మీదే వేసేది. ఆవిడకి 12 దాటి రావని ఎవరూ అనలేదు మరి.