కుండ పెంకు సాక్ష్యం: హోహోకమ్‌లు మాయం కాలేదు

అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఒకప్పుడు బతికిన హోహోకమ్‌లనే రైతు జనం కథను చాలాకాలంగా ఒకే తీరుగా ముగిస్తున్నారు. ఎండిన నేలలో కాలువలు తవ్వారు, మొక్కజొన్న, పత్తి పండించారు, 1450 ప్రాంతంలో అంతుచిక్కకుండా అదృశ్యమైపోయారు. ఈ ‘అదృశ్యం’ శుద్ధ అబద్ధం. దానివల్ల లాభపడ్డవాళ్ళు ఉన్నారు కాబట్టే అది ఇంతకాలం నిలిచింది.

ఫీనిక్స్ నగరానికి దక్షిణాన, గీలా నది ఒడ్డున ఉన్న స్నేక్‌టౌన్‌ను 1934-35లో తవ్వారు. ఆ పనిలో ఉన్న పురావస్తు శాస్త్రవేత్త ఎమిల్ హౌరీ ముప్పై ఏళ్ళ తర్వాత, 1964లో మళ్ళీ అక్కడికే వచ్చాడు. ఇళ్ళు, కాలువలు, బంతాట మైదానాలు, లెక్కలేనన్ని కుండ పెంకులు బయటపడ్డాయి. లేత గోధుమరంగు మట్టి మీద ఎర్రటి గీతలు. చేతులు పట్టుకుని వరసగా ఆడే మనుషులు, పిట్టలు, బల్లులు. ఎవరైనా ముందు చూసేది ఆ బొమ్మలనే. నేను మాత్రం పెంకును తిరగేసి లోపలివైపు చూడమంటాను.

మన కుమ్మరి సారె మీద తీసిన కుండను పచ్చి ఆరకముందే లోపల రాయి ఆనించి, బయటినుంచి చెక్కతో తట్టి పలచన చేస్తాడు. హోహోకమ్‌లకు సారె లేదు, ఐరోపావాళ్ళు వచ్చేదాకా అమెరికా ఖండాల్లోనే అది లేదు. ఆ తట్టడం మాత్రం అచ్చం ఇదే. వాళ్ళకు ఉత్తరాన ఉన్న ప్యూబ్లో జనం మట్టితాళ్ళను చుట్టలుగా పేర్చి, గీకి నున్నగా చేసేవాళ్ళు. బొమ్మను చూసి ఎవరైనా దించుకోవచ్చు. చెక్క దెబ్బ ఎంత బలంగా పడాలో, లోపలి రాయి ఎప్పుడు జరగాలో చూస్తే రాదు. పక్కన కూర్చుని, చేతులు మట్టి చేసుకుని, ఏళ్ళ తరబడి నేర్చుకోవాలి. అదే గీలా నది ఒడ్డున ఉండే ఓఓధమ్ ప్రజల కుమ్మరులు ఇప్పటికీ రాయి ఆనించి, చెక్కతో తట్టే కుండ చేస్తారు. నాకు ఇంతకు మించిన వంశవృక్షం అక్కర్లేదు.

ఇంకో సంగతి. కుండ మట్టిలో కలిపిన ఇసుక, అభ్రకపు రాతి పొడి ఎక్కడివో పరీక్షించి డేవిడ్ అబాట్ వంటి పరిశోధకులు తేల్చిందేమిటంటే, ఒక దశలో ఫీనిక్స్ లోయలో వాడిన కుండల్లో అత్యధిక భాగం కొద్ది ఊళ్ళలోనే తయారయ్యేవి. బంతాటకు జనం గుమిగూడినచోట సంత జరిగి ఉంటుందని వారి వాదన. కుమ్మరి ఊళ్ళు, సంతలు, వందల మైళ్ళ కాలువలు ఉన్న సమాజం ఒక ఉదయాన ఆవిరైపోతుందా? చెదిరిపోతుంది, చిన్న ఊళ్ళుగా విడిపోతుంది, బతుకు తీరు మార్చుకుంటుంది.

1450కీ, స్పానిష్ పాదిరీలు అడుగుపెట్టిన 17వ శతాబ్దం చివరికీ నడుమ ఆధారాలు పలచగా ఉన్నాయనేది ఎదుటివారి మాట. రంగుల కుండలు ఆగిపోయాయి, పెద్ద మట్టి భవనాలు పాడుబడ్డాయి. నిజమే. అయితే తవ్వినవాడికి తక్కువ దొరికిందంటే అక్కడ మనుషులే లేరని అర్థం కాదు. ఓఓధమ్‌లే హోహోకమ్‌ల వారసులని హౌరీ స్వయంగా భావించాడు. ఆయన తవ్వకాల్లో పలుగూ పారా పట్టిందీ ఆ ఓఓధమ్‌లే. ‘హోహోకమ్’ అన్నది వాళ్ళ భాషలో గతించిన పెద్దలను తలచుకునే మాటకు వచ్చిన వికృతి.

మరి అదృశ్యం ఎవరికి కావాల్సి వచ్చింది? ఫీనిక్స్ అనే పేరులోనే జవాబుంది. 1860ల చివర్లో వలసవాసులు పాత కాలువల జాడల వెంట నీళ్ళు పారించి, చచ్చిన నాగరికత బూడిదలోంచి లేచిన పక్షి అంటూ తమ ఊరికి ఆ పేరు పెట్టుకున్నారు. బూడిదకు వారసులుండరు. వారసులు లేని కాలువకు హక్కుదారులూ ఉండరు! కాలిఫోర్నియా బంగారం కోసం పోయే బాటసారులకు గోధుమలు అమ్మిన ఓఓధమ్ రైతుల గీలా నీటిని ఎగువన మళ్ళించేశారు. పొలాలు ఎండాయి, కరువు వచ్చింది. నీళ్ళ లెక్క తేలడానికి 2004 నాటి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. దాని ప్రకారం ఓఓధమ్‌లు ఉండే గీలా నది సముదాయానికి ఏటా 6,53,500 ఎకరా-అడుగుల (ఒక ఎకరాను అడుగు లోతున ముంచే నీరు ఒక ఎకరా-అడుగు) నీరు దక్కాలి. పురావస్తు శాస్త్రమంటే పాత సామాను లెక్క అనుకునేవాళ్ళు ఈ అంకెను చూడాలి. నీటి తగాదా వచ్చినచోటల్లా ‘ముందు ఇక్కడ ఎవరున్నారు’ అనే ప్రశ్నే అసలు ప్రశ్న.

సముదాయపు హద్దును ఆనుకునే ఉన్న చాండ్లర్‌లో తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. అక్కడికి దగ్గర్లోనే ఉన్నా స్నేక్‌టౌన్‌ను ఎవరూ చూడలేరు. తవ్వకం ముగిశాక దాన్ని మట్టితో కప్పేశారు. 1972లో ప్రభుత్వం దానికి జాతీయ స్మారక హోదా ఇచ్చి, ‘హోహోకమ్ పీమా’ అని పేరు పెట్టింది. పీమా అంటే ఓఓధమ్‌లకు బయటివాళ్ళు పెట్టిన పేరు. సందర్శకులను రానివ్వకూడదని ఆ నేల సొంతదారులు నిర్ణయించుకున్నారు. వాళ్ళ పెద్దల ఊరు అది, ఆ మాట చెప్పాల్సింది వాళ్ళే.