ఎల్‌ఆర్‌ఎస్ కడితే చాలు, మాస్టర్ ప్లాన్ దండగ అంటారా?

"కొత్త మాస్టర్ ప్లాన్ దండగ. ఉన్నది 2031 దాకా సరిపోతుంది. కొత్తది వేస్తే రైతు భూమి పోతుంది, ఇళ్ల రేట్లు పెరుగుతాయి. ప్లాటు కొనుక్కుని ఎల్‌ఆర్‌ఎస్ కట్టుకుంటే చాలు." హైదరాబాద్ చుట్టుపక్కల రియల్ ఎస్టేట్ గ్రూపుల్లో తరచూ వినిపించే వాదన ఇది. మాస్టర్ ప్లాన్ అంటే ఏ భూమిని దేనికి వాడాలో, రోడ్లు ఎటు పోవాలో ముందే చెప్పే పటం. ఎల్‌ఆర్‌ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం. నమ్మి డబ్బు పెట్టేది మధ్యతరగతి వాళ్లు కాబట్టి జవాబు చెప్పాల్సిందే.

ముందు ఎల్‌ఆర్‌ఎస్ సంగతి. 2020లో తెలంగాణలో ఈ పథకానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ప్లాన్ ముందు నడవాల్సిన చోట వెంచర్లు ముందు నడిచాయనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? లేఅవుట్‌లో వదలాల్సిన ఖాళీ స్థలం వదలకపోతే, దానికి బదులు ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకుంటారు. పార్కుకు జాగా వదలని లేఅవుట్‌లో ఆ డబ్బుతో పార్కు ఎక్కడ వేస్తారు? ముప్పై అడుగుల రోడ్డు పక్క వెంచర్ ప్రహరీకి తగిలి ఆగిపోతే, చేతిలో రసీదు ఉన్నా అంబులెన్స్ వెనక్కి తిరగాల్సిందే. చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు లోపల, ప్లాటు పడితే అసలు క్రమబద్ధీకరణే లేదు. 2020 అక్టోబరు వరదల్లో చెరువుల కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి.

"2031 దాకా ఉంది కదా" అనేది రెండో మాట. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వేసిన ఆ ప్లాన్ 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. అప్పటికి తెలంగాణ రాష్ట్రమే లేదు. 2025లో హెచ్‌ఎండీఏ పరిధి, ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల నగరం చుట్టూ తలపెట్టిన రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెరిగింది. కొత్తగా కలిసిన ఊళ్లకు ఆ పాత మ్యాపు ఏం దారి చూపిస్తుంది?

రేట్ల విషయానికొస్తే, ప్లాన్ పాతబడిన చోట భూ వినియోగ మార్పిడి (పొలంగా చూపిన భూమిలో ఇళ్లు కట్టుకునే అనుమతి లాంటిది) కోసం ఒక్కో ఫైలు కదిలించుకోవాలి. ఆ ఖర్చంతా చివరికి ఫ్లాటు కొనేవాడి నెత్తినే పడుతుంది.

రైతు భయం మాత్రం నిజమైనది, దాన్ని కొట్టిపారేయకూడదు. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కింది పంట పొలాలను తమ పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో పారిశ్రామిక జోన్‌గా చూపించినందుకే. ఆ ముసాయిదాను వెనక్కి తీసుకోక తప్పలేదు. అక్కడ తప్పు ప్లాన్ వేయడంలో లేదు, పొలం ఉన్నవాళ్లను అడగకుండా వేయడంలో ఉంది. సర్వే నంబర్లతో సహా మ్యాపును తెలుగులో ఊళ్లోనే అంటించాలి. ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. రైతు అడగాల్సింది ఇదీ, ప్లాటు కొనేవాడూ అడగాల్సింది ఇదే.