సవరణ: నోనో క్వార్టెట్‌లో హోల్డర్లిన్ పంక్తులు

ఇటలీ స్వరకర్త లుయీజి నోనో రచించిన ‘ఫ్రాగ్‌మెంటె-ష్టిల్లె, ఆన్ డియోటిమా’ అనే క్వార్టెట్‌కు (నాలుగు తీగవాద్యాల కోసం రాసిన కృతికి) లాసాల్ క్వార్టెట్ అనే నలుగురు వాద్యకారుల బృందం చేసిన రికార్డింగు గురించి రాసిన ముందటి పోస్టులో, వాద్యకారులు నడుమ నడుమ హోల్డర్లిన్ కవితా పంక్తులను మెల్లగా చదువుతారని ఉంది. ఆ వాక్యాన్ని తొలగిస్తున్నాను. ఈ కృతిలో మాట అన్నదే వినిపించదు. జర్మన్ కవి హోల్డర్లిన్ నుంచి తీసుకున్న చిన్న చిన్న ముక్కలు స్వరపత్రంలో అచ్చయి ఉన్న మాట నిజమే కానీ, వాటిని ఎట్టి పరిస్థితిలోనూ పైకి చదవరాదనీ, సంగీతానికి వర్ణనగా భావించరాదనీ, నలుగురూ తమ లోలోపలే పాడుకోవాలనీ నోనో స్పష్టంగా నిర్దేశించారు.

1980 జూన్ 2న బాన్ నగరంలో లాసాల్ బృందమే దీన్ని తొలిసారి వినిపించింది. కృతి అంకితమైనదీ వారికే. రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో తప్ప మరే ధ్వనీ లేని ఈ అరగంటకు మించిన సంగీతంలో, వినీవినబడనంత సన్నని స్వరం ఒకటి తీగ మీద నిలిచి ఆగిపోయాక వచ్చే దీర్ఘమైన విరామాలు కూడా రచనలో భాగమే. కాబట్టి రికార్డింగు ఆగిపోయిందనుకుని శబ్దస్థాయి పెంచవద్దు: ఆ వెంటనే విల్లు ఒక్కసారిగా బలంగా తాకే చోట్లు ఇందులో ఉన్నాయి.